టూసాన్ రాళ్ళ సంతలో మామయ్యతో మూడు రోజులు

మా మామయ్య బేతంచెర్ల నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అరిజోనాలో మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. గ్రాండ్ క్యాన్యన్ చూపిస్తే "మన గండికోటకి పెద్దన్నలాగుంది" అన్నారు. లాస్ వేగాస్ చూపిస్తే తలనొప్పి అన్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన వెళ్ళి కూర్చునేది మాత్రం మా గ్యారేజీలో, నేను రాళ్ళు కోసుకునే మిషన్ ముందు.

నాకీ పిచ్చి పట్టి నాలుగేళ్ళు. ముడిరాయి కొనడం, పలకలుగా కోయడం, అరగదీసి పైభాగం ఉబ్బెత్తుగా వచ్చేలా మెరుగుపెట్టడం. అలా తయారైనదాన్ని కాబొషాన్ అంటారు, మా క్లబ్బులో అందరం క్యాబ్ అనేస్తాం. కోత, మెరుగు నేర్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. మంచి ముడిరాయి కొనడమే ఇప్పటికీ చేతకాలేదు. అందుకే 2025 ఫిబ్రవరిలో అరిజోనాలోనే టూసాన్ ఊళ్ళో జరిగే రాళ్ళ సంతకి వెళ్దామనుకున్నప్పుడు, మా ఆయనకి సెలవు దొరకలేదని తెలిసి, "మామయ్యా, మీరు వస్తారా?" అని అడిగాను. పావుగంటలో బ్యాగు సర్దుకుని సోఫాలో కూర్చున్నారు.

మొదటి రోజు, గురువారం

మేముండే చాండ్లర్ నుంచి టూసాన్ గంటన్నర దారి. పికాచో కొండ దాటాక రోడ్డుకి రెండు పక్కలా సగువారో కాక్టస్‌లు మొదలవుతాయి. చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి. "వీటికి చేతులు మొలవడానికే యాభై ఏళ్ళు దాటుతుందట మామయ్యా" అంటే, "మా ఊరి బస్టాండుకి షెడ్డు పడటానికీ అంతే పట్టింది" అన్నారు.

ఈ సంత సంగతి కొంచెం చెప్పాలి. 1955లో ఊళ్ళోని రాళ్ళ క్లబ్బు వాళ్ళు ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్న ప్రదర్శన పెట్టారు. అది పెరిగి పెరిగి ఇప్పుడు జనవరి చివర్లో మొదలై ఫిబ్రవరి మధ్య దాకా ఊరంతా సాగుతుంది. ఒకచోట జరిగేది కాదు. నలభైకి పైగా వేర్వేరు ప్రదర్శనలు. కన్వెన్షన్ సెంటరు, టెంట్లు, స్టేడియం పార్కింగులు, ఫ్రీవే పక్కన హోటళ్ళు. హోటళ్ళలోనైతే గదిలో మంచం తీసేసి బల్లలు వేసి అమ్ముతారు, బాత్రూమ్ గట్టు మీద కూడా స్ఫటికాలు పేర్చి ఉంటాయి. కొన్నింటిలోకి నగల వ్యాపారం లైసెన్సు లేనిదే రానివ్వరు. నాలాంటి గ్యారేజీ బాపతు వాళ్ళకి అందరినీ రానిచ్చేవే దిక్కు.

ముందు 22వ వీధి టెంటుకి వెళ్ళాం. టెంటు అంటే పెళ్ళి షామియానా కాదు, ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. గుమ్మంలోనే మనిషెత్తు అమెథిస్ట్ గుహలు, అంటే లోపలంతా ఊదారంగు స్ఫటికాలు నిండిన బోలు రాళ్ళు, ఉరుగ్వే నుంచీ బ్రెజిల్ నుంచీ వచ్చినవి. వాటి పక్కన మొరాకో వాళ్ళ శిలాజాలు. ఇంకొంచెం లోపలికి వెళ్తే హిందీ వినపడింది. మామయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మహారాష్ట్ర నుంచి వచ్చిన వ్యాపారి. అపోఫిలైట్, స్టిల్‌బైట్ లాంటి స్ఫటికాలు బల్లనిండా. మంచుగడ్డలు పేర్చినట్టు కొన్ని, పీచ్ రంగులో విసనకర్రల్లా కొన్ని. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ మీద పారిన లావా గడ్డకట్టాక, అందులో మిగిలిన గాలిబుడగల్లో ఇవి పెరిగాయి. కంకర కోసం క్వారీల్లో బండ పగలగొడితే బయటపడతాయి. మామయ్య కర్నూలు ఉర్దూ, ఆయన పుణె హిందీ అరగంట కలిసి నడిచాయి. చివరికి మామయ్య నావైపు తిరిగి, "క్రషర్‌లో పడాల్సిన రాయమ్మా ఇది. రెండొందల డాలర్లంట" అన్నారు. వ్యాపారి మీద కోపంతో కాదు, ఇన్నేళ్ళూ ఎన్ని క్రషర్‌లో పడి ఉంటాయో అన్న లెక్కతో.

ఇంకో బల్ల మీద "హెర్కిమర్ డైమండ్" అని బోర్డు చూసి ఆయన టక్కున ఆగిపోయారు. రెండు కొనలూ సూదిగా ఉన్న తళతళలాడే చిన్న స్ఫటికాలు. పేరు డైమండే గానీ అవి క్వార్ట్జ్, అంటే మన పలుగురాయే, న్యూయార్క్ రాష్ట్రంలో హెర్కిమర్ జిల్లాలో దొరుకుతాయి. నేను చెప్పేలోపే చేతిలోకి తీసుకుని తిప్పి చూసి పెట్టేశారు. "వజ్రం ఇట్ల గాజులాగ మెరవదమ్మా. నూనె రాసినట్టుంటాది." ఆయన పుట్టింది తుగ్గలి దగ్గర. తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచే జనం సంగతి మన పేపర్లలో ఏటా వచ్చేదే. ఆ కథ ఏదో ఉందని తెలుసు. అప్పుడు అడగలేదు.

ఇక నా ఘనకార్యం. మామయ్య కాళ్ళు నొప్పెడుతున్నాయని బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఒక చిన్న స్టాల్లో నీలంగా, ఆకాశం ముక్కలు కోసి పోసినట్టు టర్కాయిస్ రాళ్ళు కనిపించాయి. మన హైదరాబాద్ వాళ్ళు ఫిరోజా అంటారు చూడండి, అది. అరిజోనా టర్కాయిస్‌కి పెట్టింది పేరు. గ్లోబ్ ఊరి దగ్గర స్లీపింగ్ బ్యూటీ గనిలో మచ్చలేని నీలం దొరికేది, 2012లో అక్కడ టర్కాయిస్ తీయడం ఆపేశాక ఆ రంగుకి గిరాకీ ఇంకా పెరిగింది. ఇంత నీలం ఇంత చవగ్గానా అని నలభై డాలర్లు పెట్టి ఒక సంచీ కొనేశాను.

రాత్రి హోటల్లో అనుమానం వచ్చింది. గోళ్ళ రంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి రాయి మీద రుద్దాను. దూది నీలమైంది. రాయి మీద రుద్దినచోట తెల్లమచ్చ. హౌలైటో మాగ్నసైటో, తెల్లటి చవక రాయికి రంగు పట్టించి అమ్మారు. ఫోన్‌లో తీసుకున్న ఫొటో పెద్దది చేసి చూస్తే, బోర్డు మీద "టర్కాయిస్ కలర్" అని ఉంది. కలర్ అన్న మాట నేను చదవలేదు. వాళ్ళు అబద్ధమూ చెప్పలేదు.

మామయ్య దూది చూసి, "నీలిమందు పెట్టిండారు" అన్నారు. కాసేపాగి, "రంగు చూసి కొనేది చీరమ్మా. రాయి కాదు" అన్నారు.

రెండో రోజు, శుక్రవారం

ఈ రోజు కోసమే వచ్చాం. కీనో స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గర టెంట్ల మధ్య ఆరుబయట, అసలైన ముడిరాళ్ళు. మెరుగు లేదు, దీపాల వెలుగు లేదు. ఇనప డ్రమ్ముల్లో, చెక్కపెట్టెల్లో, నేలమీద టార్పాలిన్ పరిచి కుప్పలు. పౌండుకింత అని అట్టముక్క మీద రాసి ఉంటుంది, పౌండంటే అరకిలోకి కాస్త తక్కువ. మడగాస్కర్ లాబ్రడొరైట్, అఫ్గానిస్తాన్ లాపిస్, కాంగో మలకైట్, మెక్సికో అగేట్. ప్రతి కుప్ప పక్కనా నీళ్ళు చల్లే సీసా. ముడిరాయి మీద నీళ్ళు చల్లితే మెరుగుపెట్టాక ఎలా ఉంటుందో అలా కనిపిస్తుంది. నేనూ నా సీసా తెచ్చుకున్నాను. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, చిన్న టార్చి, పాత తువ్వాలు కూడా.

లాబ్రడొరైట్ కుప్ప దగ్గర మొదలెట్టాం. మామూలుగా చూస్తే బూడిదరంగు రాయి. వెలుగు ఒకే ఒక కోణంలో తగిలినప్పుడు నెమలి మెడలా నీలం, బంగారు రంగు ఒక్కసారి మెరుస్తాయి. కోసేటప్పుడు ఆ మెరుపు పొరకి సమానంగా కోయాలి, కొద్దిగా పక్కకి పోతే చేతిలో బూడిదే మిగులుతుంది. తొమ్మిది పౌండ్ల ముక్క ఒకటి దొరికింది. సీసాతో నీళ్ళు కొడితే అరచేయంత మేర నిండా నీలం. పౌండు ఆరు డాలర్లు. నేను పర్సు తీశాను.

మామయ్య రాయిని చేతిలోంచి తీసుకుని, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి టక్ టక్ అని కొట్టారు. ఇంకోవైపు తిప్పి మళ్ళీ కొట్టారు. "ఇది పలకడం లేదమ్మా" అన్నారు. తర్వాత కుప్పలోంచి చిన్న ముక్క తీసి కొట్టారు. అది ఖణ్ మంది. తేడా నాకే వినిపించింది.

"ఫ్యాక్టరీలో పలక దించుకునేటప్పుడు కొట్టే చూస్తాం. లోపల నెర్రె ఉంటే కుండపెంకు మోగినట్టు మోగుతాది." ఆ తర్వాత ఆయన చేసింది నేను ఏ వీడియోలోనూ చూడలేదని కాదు గానీ, చూసి కూడా ఎప్పుడూ చేయలేదు. పెద్ద ముక్క మీద నీళ్ళు బాగా పోసి, తువ్వాలుతో తుడిచి, ఎండలో పెట్టి ఊరికే నిలబడ్డారు. ఒక నిమిషంలో పైన తడి ఆరింది. అక్కడక్కడా మాత్రం సన్నటి నల్లగీతలు మిగిలాయి, వెంట్రుకల్లా. నెర్రెల్లోకి దిగిన నీళ్ళు త్వరగా ఆరవు కదా. నా తొమ్మిది పౌండ్ల నీలం మీద అలాంటి గీతలు పదకొండు లెక్కపెట్టాం. కోస్తే గులకరాళ్ళే.

"నీళ్ళు చల్లేది అమ్ముకునేవాడి పని. ఆరేదాకా నిలబడేది కొనేవాడి పని" అని, పలికిన చిన్న ముక్క తూకం వేయించారు. రెండు పౌండ్లు. పన్నెండు డాలర్లకి పది ఇస్తామన్నారు. వ్యాపారికి తెలుగు రాదు, మామయ్యకి ఇంగ్లీషు అంతంతే. రెండు చేతుల వేళ్ళూ చాలాయి.

మధ్యాహ్నం కారు నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. టూసాన్‌ని యునెస్కో వాళ్ళు 2015లో వంటల నగరంగా గుర్తించారు, అమెరికాలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి ఊరు. ఆ రుచులేవీ మేం చూడలేదు. ఇక్కడి పేరున్న హాట్‌డాగ్‌కి బేకన్ చుట్టి ఉంటుందని చెబితే మామయ్య పులిహోర డబ్బా మూత ఇంకాస్త గట్టిగా పెట్టారు.

తిన్నాక ఓపల్‌ల దగ్గర, అంటే లోపల రంగురంగులు మెరిసే రాళ్ళ దగ్గర, ఇంకో చావు తప్పింది. ఇథియోపియా వెలో ప్రాంతపు ఓపల్, 2008 నుంచి మార్కెట్లో హోరెత్తుతున్నది. ఆస్ట్రేలియా ఓపల్ ముడిరాళ్ళని చాలామంది నీళ్ళ సీసాల్లో పెట్టి అమ్ముతారు. నీళ్ళలో రంగు బాగా కనిపిస్తుంది, పగుళ్ళు అంతగా కనిపించవు. వెలోది అలా కాదు, నీళ్ళు పీల్చుకుంటుంది. నానితే రంగులు మాయమై గాజులా అవుతుంది, ఆరాక మళ్ళీ వస్తాయి. కాబట్టి దాన్ని పొడిగానే చూడాలి. నాకు ఇదంతా తెలుసు. తెలియనిది అక్కడ ధర ఎలా చెబుతారో. పళ్ళెంలోంచి పన్నెండు గ్రాములు ఏరాను, వ్యాపారి రేటు ఆరు అని చెప్పాడు. డెబ్బై రెండు డాలర్లు అనుకుని కార్డు ఇచ్చాను. మిషన్ మీద మూడు వందల అరవై కనపడింది.

ఆరు డాలర్లు గ్రాముకి కాదు, క్యారెట్‌కి. గ్రాముకి ఐదు క్యారెట్లు. ముడిరాయికి గ్రాము లెక్క, కోసిన రాయికి క్యారెట్ లెక్క అని నేను విన్నది అందరికీ వర్తించదట. టెన్షన్‌తో చెమట పట్టింది. వద్దులెండి అని వెనక్కి ఇచ్చేశాను, ఆయన ఏమీ అనకుండా మళ్ళీ పళ్ళెంలో పోసుకున్నాడు. బయటికి వచ్చాక మామయ్య, "తులమా, గ్రామా అని బంగారం అంగట్లో అడగవా?" అన్నారు. అడుగుతాను. ఇక్కడెందుకు అడగలేదో నాకే తెలీదు. రాళ్ళ గురించి తెలిసినదానిలా కనబడాలని అనుకుంటాను.

సాయంత్రం రెండు మంచి బేరాలు కుదిరాయి. ఒకటి పెరిడాట్ ముడిరాళ్ళు, ఇరవై గ్రాములు, లేత పచ్చి మామిడికాయ రంగు. ఇవి అరిజోనాలోనే, శాన్ కార్లోస్ అపాచీ తెగ వాళ్ళ భూముల్లో లావారాయిలోంచి తీసినవి. అక్కడ తవ్వుకునే హక్కు ఆ తెగ వాళ్ళకే. అమ్మిన పెద్దావిడ ఒక్కొక్కటే వెలుగుకెత్తి పట్టి చూపిస్తూ, నల్ల మచ్చలున్న వాటిని తనే పక్కన పెట్టేసింది. బేరం ఆడబుద్ధి కాలేదు, నలభై అడిగితే నలభై ఇచ్చాను. నిన్న అదే నలభైకి రంగు వేసిన రాళ్ళు కొన్నాను.

రెండోది మామయ్యది. మెక్సికోలోని చివావా నుంచి వచ్చిన అగేట్ గుండ్లు, కోయనివి. బంగాళాదుంపల్లా ఉంటాయి. లోపల ఎర్రటి, నారింజ రంగు వలయాలు ఉండొచ్చు, బూడిదరంగు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. తెరిచి కోసి పెట్టినవి ఖరీదు, తెరవనివి పౌండు ఐదు డాలర్లు. "తెరిచి చూసినవాడు మంచివి పక్కకి తీసుంటాడు కదా, మిగిలినవే ఇవి" అని నేను అన్నాను. ఆయన వినలేదు. గంటసేపు డ్రమ్ము మీద వంగి, ఒక్కొక్కటే చేత్తో తూచి, తాళంచెవితో కొట్టి, రెండు తీశారు. ఎందుకవే అంటే, "బరువు" అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

మూడో రోజు, శనివారం

కన్వెన్షన్ సెంటర్‌లో అసలు ప్రదర్శన, 1955లో ఆ క్లబ్బు వాళ్ళు మొదలుపెట్టినదే. ఏటా ఒక అంశం ఉంటుంది, ఈసారి ఆకుపచ్చ. మ్యూజియంల వాళ్ళూ సొంతంగా సేకరించినవాళ్ళూ అద్దాల పెట్టెల్లో పెట్టిన మలకైట్, డయాప్టేజ్, ఫ్లోరైట్, పచ్చలు. చూడ్డానికి రెండు కళ్ళు చాలవన్నమాట నిజమే గానీ, రెండు గంటలయ్యాక నాకు పచ్చరంగు అంటే విసుగొచ్చింది. కొనలేనివాటిని నేను ఎక్కువసేపు చూడలేను.

మామయ్య తప్పిపోయారు. ఫోన్ ఎత్తడం లేదు. వెతికితే, అమ్మకాల వరసల్లో ఒక మూల బల్ల దగ్గర భూతద్దం కంటికి పెట్టుకుని వంగి ఉన్నారు. బల్ల మీద చిన్న చిన్న డబ్బీలు, ఒక్కోదానిలో కోయని వజ్రపు స్ఫటికం. జొన్నగింజంత. రెండు పిరమిడ్లు అడుగులు అతికించినట్టు ఎనిమిది ముఖాలు, కాస్త బూడిదరంగు. భూతద్దం నాకిచ్చి, "ముఖాల మీద చూడు" అన్నారు. చిన్న చిన్న త్రికోణాలు, ఎవరో సూదిమొనతో చెక్కినట్టు. స్ఫటికం భూమిలో ఉన్నప్పుడే పడే గుర్తులవి.

"ఇంత రాయి కోసం మా నాయన నాలుగు వానాకాలాలు చేలెంబడి తిరిగినాడు" అన్నారు. "వాన పడి నిలిచిన మరుసటి పొద్దున సూర్యుడికి ఎదురుగా వంగి నడవాల. మెరిసిందల్లా ఏరాల. నన్ను కూడా తీసుకుపోయేటోడు."

"దొరికిందా మామయ్యా?"

"మా చెనిక్కాయ చేను దున్నేవాళ్ళు లేక బీడుపడింది. అది దొరికింది."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయనే నవ్వారు. డబ్బీ ధర నూట ఎనభై డాలర్లు. కొందామా అని అడిగాను, నిజంగానే అడిగాను. వజ్రకరూరు దగ్గర భూమి లోతుల్లోంచి వజ్రాలు పైకి తెచ్చిన కింబర్లైట్ గొట్టాలు వందకోట్ల ఏళ్ళ నాటివని ఎక్కడో చదివినది ఆయనకి చెప్పాను. ఆయన డబ్బీ మూత పెట్టి, "ఇది ఆఫ్రికాదంట. మనది కాదు" అని పక్కకి వచ్చేశారు.

టైముంటే పాత కోర్టు భవనంలో యూనివర్సిటీ వాళ్ళ ఖనిజాల మ్యూజియం కూడా చూడండి, 2021లో తెరిచారు. మేం గంటలో చుట్టేశాం. మామయ్య అక్కడ కూడా నేలకి పరిచిన రాయి ఏదో చూశారు.

తర్వాతి శనివారం, గ్యారేజీ

లాబ్రడొరైట్ ముందు కోశాను. నెర్రె లేదు. మెరుపు కోణం కొద్దిగా తప్పాను, ఆరు క్యాబ్‌లు రావాల్సింది నాలుగే వచ్చాయి, నాలుగూ నీలం. పెరిడాట్‌లు ఇంకా డబ్బీలోనే ఉన్నాయి, వాటికి ముఖాలు కోసే మిషన్ వేరే కావాలి. నీలిమందు రాళ్ళు కుండీలో మనీప్లాంట్ మొదట్లో వేశాను. నీళ్ళు పోసినప్పుడల్లా కుండీ కింది ప్లేటు నీలంగా మారుతోంది.

అగేట్ గుండ్లు మామయ్య తనే కోస్తానన్నారు. మాస్కు పెట్టుకోమంటే మారుమాట లేకుండా పెట్టుకున్నారు. క్వారీలో డ్రిల్లింగ్ చేసినవాళ్ళు ఎలా దగ్గుతూ పోయారో ఆయన చూశారు. మొదటిది తెరుచుకునేసరికి లోపలంతా బూడిదరంగు, మధ్యలో పగులు. ఆయన ఏమీ అనలేదు. రెండోదానికి మిషన్ ఇంకో పావుగంట తీసుకుంది. రెండు చెక్కలూ విడదీసి కడిగితే, సగానికి పైగా తెల్ల క్వార్ట్జ్, ఒక అంచున మాత్రం బొటనవేలంత మేర ఎర్రటి వలయాలు, దారాల్లా, దగ్గర దగ్గరగా. క్లబ్బులో ఎవరికైనా చూపిస్తే పర్లేదంటారు, అంతే.

మార్చిలో ఆయన తిరుగు ప్రయాణం. సూట్‌కేసు ఇరవై మూడు కిలోలకి ఎనిమిది వందల గ్రాములు ఎక్కువొచ్చింది. మనవళ్ళ చాక్లెట్లు రెండు ప్యాకెట్లు తీసి బయట పెట్టారు గానీ ఆ చెక్కలు తీయలేదు. అదే సమయానికి బేతంచెర్ల నుంచి అత్తయ్య వీడియో కాల్ చేసింది. "ఏందయ్యా, ఇక్కడ రాళ్ళు కరువైనాయని అక్కడి నుంచి మోసుకొస్తాండావా?"

మామయ్య ఫోన్ నా చేతికిచ్చి, ఎర్ర వలయాలున్న చెక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నా సీసాతో దాని మీద నీళ్ళు చల్లారు. "ఇప్పుడు చూపించమ్మా" అన్నారు. "బిరీన. ఆరిపోతాది."